ఐదో గ్లాసు

పదకొండో డెక్కు మీద, ఈతకొలను పక్కన బారులో
నా చొక్కాకి ఒక పేరు గుచ్చి ఉంటుంది: రోడెల్.
దాని కింద నా దేశం, ఇంకాస్త చిన్న అక్షరాల్లో.
ఇలోయిలో పట్టేంత చోటు
ఆ రేకు మీద లేదు.

చుట్టూ కనుచూపు మేరా నీళ్లే.
డబ్బు నీళ్లలా ఖర్చయిపోతోందని
ఎవరైనా వాపోతే నాకు నవ్వొస్తుంది:
ఈ ఓడ మీద ఊరికే పోసేది నీళ్లే మరి.
నీళ్లు, పల్చటి నిమ్మరసం, ఎవరూ తాగని టీ.

కోలా మాత్రం గ్లాసు మూడున్నర డాలర్లు.
అందులో సగం ఐసు.

వెర్నన్ క్లాట్ ఎక్కిన రోజే ప్యాకేజీ కొన్నాడు.
డేటన్‌లో ముప్పై ఒక్కేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి,
ఇప్పటికీ కుర్చీలో కూర్చునే ముందు
ఒకసారి వెనక్కి చూసుకుంటాడు
అందరూ ఎక్కారా లేదా అని.
రోజుకి పదహారు డాలర్లు, ఏడు రోజులు,
అడుగున చిప్పు అంటించిన ఎర్ర కప్పు.
జేబులోంచి చిన్న పుస్తకం తీసి
నా ముందే లెక్క కట్టాడు:
నాలుగు గ్లాసులు తాగితే ఇంకా నష్టమే,
ఐదోదానికి డాలరున్నర లాభం.
"ఐదో గ్లాసు, రోడెల్! అక్కడ మొదలవుతుంది నా సెలవు."

మొదటి రోజు మధ్యాహ్నానికే గట్టెక్కాడు.
రెండో రోజు ఏడు.
కప్పు ఎత్తి చూపించాడు, పందెం గెలిచినట్టు.
భార్య ఐడెల్లా ఆ ఎవరూ తాగని టీ తాగుతూ
సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

మూడో రోజు కోజుమెల్‌లో లంగరు వేశాం.
దిగినవాళ్లు సాయంత్రం ఐదింటికి గాని ఎక్కలేదు.
వెర్నన్ పరుగులాంటి నడకతో నేరుగా నా దగ్గరికే:
"ఐదు బాకీ!"
వెనకే వచ్చి ఐడెల్లా చెప్పింది,
ఆయన మీద చాడీ కాదు, ఊరికే, నాలుగు మాటలు:
రేవు బజార్లో మంచుగడ్డల తొట్టిలో
గాజు సీసాలు డాలరుకి ఒకటి.
ఎండకి ఈయన పెదాలు అట్టకట్టాయి.
తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు.
"ఓడ మీద కొనేశాం కదా" అన్నాడు.
ముందుకి నడిచాడు.

నాకు మా వీధి కొట్టు గుర్తొచ్చింది.
అక్కడ సీసా కొట్టుదే, పానీయమే మనది.
ప్లాస్టిక్ సంచిలో ఒంపి, స్ట్రా గుచ్చి ఇస్తారు.
మా చిన్నది మారిసెల్ ఆ సంచి మూతి
రెండు చేతులా బిగించి పట్టుకుని
ఇంటిదాకా పీలుస్తూ నడిచేది.
ఇల్లు చేరేసరికి సంచిలో
గాలి మాత్రం ఉండేది.
ఆ గాలినీ పీల్చేది.
ఎన్నో గ్లాసు అని
ఎవరూ అడిగింది లేదు.

ఆరో రోజు రాత్రి పదకొండున్నర.
వెర్నన్ బెల్టు రెండు కన్నాలు వదులు చేసుకుని వచ్చాడు.
కడుపు మీద చెయ్యి, ముఖం మీద చిన్న సిగ్గు.
"రెండే అయ్యాయివాళ. మూడు మిగిలాయి.
నువ్వు తాగు."

కౌంటరు పైన కెమెరా ఉంది.
ఒకరి కప్పు ఇంకొకరు తాగితే
వాళ్లకి ప్యాకేజీ పోతుంది.
నాకు తర్వాతి రేవు, విమానం టికెట్టు నా జీతంలోంచి.
ఆయనకి ఇదంతా ఎలా తెలుస్తుంది?
చెప్పలేదు నేను.
"దాహం లేదు సార్" అన్నాను.
పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాను,
నోరు పిడచకట్టుకుపోయి.

మూడుసార్లు కప్పు మిషను కింద పెట్టాను.
మూడుసార్లు కూసింది.
మొదటి రెండూ ఆయన చూస్తుండగానే సింకులోకి.
మూడోది ఒంపబోతే చెయ్యి అడ్డం పెట్టి
"ఉండనీ" అన్నాడు.

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.
బుడగలు లేచాయి,
చిన్నగా, పక్కగదిలో వాన పడుతున్నట్టు.
తర్వాత ఆ చప్పుడూ ఆగింది.
ఆయన పుస్తకంలో ఐదు అని రాసుకున్నాడు,
ఒక నిమిషం ఆగి, కింద ఒక గీత గీశాడు.
"బస్సులో పిల్లలకి తినడానికి ఏమీ ఇవ్వకూడదు, తెలుసా,
అదీ రూలే" అన్నాడు.
ఇచ్చేవాడివా అని నేనడగలేదు.

కప్పు తీసుకెళ్లిపోయాడు, అలాగే, నిండుగా,
ఒలక్కుండా, రెండు చేతులా పట్టుకుని.
కౌంటరు మీద తడి వలయం మిగిలింది.
గుడ్డ చేతిలోనే ఉంది.
వెంటనే తుడవలేదు.